ప్రార్థన నూనె సీసా

కర్నూలులో చర్మవ్యాధుల డాక్టరు శిల్ప గది. కోయిలకుంట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన రాహేలమ్మ మొహానికి కొంగు చుట్టుకుని కూర్చుంది.

"కొంగు తీయండి రాహేలమ్మా. చూడకుండా నేనేం చెప్పేది?"

"తీస్తా. ముందు ఆ తలుపు ఏయండమ్మా. బయట మా కోడలు, మనవరాలు ఉండారు."

"వేశాను. పాపను చూశానులే, బొద్దుగా ఉంది. ఎన్నో నెల?"

"ఐదో నెల. మహిమ అని పెట్టినాము. రెండు నెలల్లో ఇంత ఒళ్ళు చేసినాది, అంతా దేవుని దయ."

"మీ మొహం ఇంత ఎర్రబడిందేమి? మండుతోందా?"

"ఎండకు పోతే కారం పూసినట్టుంటాది. అమ్మా, ఇది కుష్టు కాదు కదా? చర్చిలో బల్ల ఆదివారం ప్రభువు ద్రాక్షరసం అందరం ఒకే గిన్నెలో తాగుతాము. కుష్టంటే నన్ను ఆ గిన్నె ముట్టనిస్తారా?"

"కళ్ళు మూసుకోండి. ఈ దూది తగిలితే తెలుస్తోందా?"

"తెలుస్తాండాది."

"కుష్టు కాదు. చెంపల మీద నలుపు మంగు. ఎండకు, కాన్పులకు వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు."

"బతికినా."

"ఈ ఎరుపు మంగుది కాదు. ఏం పూస్తున్నారు?"

"ఏమీ లేదు. చర్చిలో పాస్టరయ్య ప్రార్థించి ఇచ్చే ప్రార్థన నూనె."

"నూనెకు చర్మం ఇంత పలచబడదు రాహేలమ్మా."

"...మందులంగడిలో ఇచ్చిన ట్యూబు. రెండేండ్లాయె. పదైదు దినాలకే మొగం తెల్లగొచ్చె. ఆపితే మళ్ళా నల్లగైతాండె."

"అందులో స్టెరాయిడ్ ఉంటుంది. డాక్టరు చెప్పినన్ని రోజులే పూయాలి. ఇంకెవరైనా వాడుతున్నారా?"

"లేదు. నేనొక్కదాన్నే."

"నిజమేనా?"

"నేనొక్కదాన్నే... మొగం బాగైనప్పుడు అందరూ అడిగిరి. ట్యూబని చెప్పేదానికి సిగ్గయి, ప్రార్థన నూనెతో పోయినాదని చర్చిలో సాక్ష్యం చెప్తి. అప్పట్నుంచి అందరూ ఆ నూనే అడగబట్టిరి. సీసాలు నింపేది నేనే."

"నింపితే?"

"వాళ్ళకు మంగు పోకుంటే నా సాక్ష్యం అబద్ధమైతాది కదమ్మా. సీసాకో ట్యూబు పిండినా."

"ఎంతమందికి ఇచ్చారు?"

"పదిమందికి. పాస్టరయ్యకు గూడా తెలీదు. చెప్తే నా గతేమి? భయమైతాండాది."

"చెప్పాల్సిందే. వాళ్ళందరినీ తీసుకురండి, నేను చూస్తాను. ఆ నూనె పిల్లలకు మాత్రం తగలనీయొద్దు."

"తగిలితే?"

"పసిబిడ్డ ఒళ్ళు ఆ మందును పీల్చేసుకుంటుంది. మొహం ఉబ్బుతుంది, ఎదుగుదల ఆగుతుంది. ప్రాణం మీదికి కూడా రావచ్చు."

"ఉబ్బితే... ఎట్లుంటాది?"

"చూసేవాళ్ళకు బాగా ఒళ్ళు చేసినట్టే ఉంటుంది. ఎందుకు అడుగుతున్నారు? రాహేలమ్మా, ఎందుకు అడుగుతున్నారు?"

"మా కోడలికి ఏమీ తెలీదమ్మా. పొద్దున గూడా మహిమకు ఆ సీసా నూనెతోనే ఒళ్ళంతా రుద్దినాది."