ర్యాంకులకు కాపలా: ప్రిస్కిల్లా గారి పద్నాలుగేళ్ళు

2011 ఆగస్టు ఒకటవ తేదీన, తణుకులో పందొమ్మిదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన అనుభవంతో, శ్రీమతి ప్రిస్కిల్లా గారు రాజమహేంద్రవరంలోని మన కార్యాలయంలో పరిశీలనాధికారిణిగా చేరారు. ఏ వ్యాపారానికి ఏ సాఫ్ట్‌వేర్ మేలో, వాడినవారి అభిప్రాయాలను బట్టి వరుసగా చూపించే ఆన్‌లైన్ జాబితా మనది. ఆ వరుసలో అన్యాయం జరగకుండా చూడటం వారి బాధ్యత. చేరిన వారంలోనే వారికి విసుగు మొదలైంది, పదవీ విరమణ దాకా తగ్గలేదు. ఆ విసుగే ఈ సంస్థకు దక్కిన గొప్ప ఆస్తి అని ఈ వ్యాసకర్త సవినయంగా మనవి చేస్తున్నాడు.

అభిప్రాయం రాసిన ప్రతివారికీ స్వయంగా ఫోన్ చేయడం వారి పద్ధతి. "ఇది మీరు వాడుతున్నారా అండి? బిల్లు తప్పు కొడితే ఎక్కడ దిద్దుతారో చెప్పండి" అని అడిగేవారు. 2016లో కడియం నర్సరీల కోసం చేసిన ఒక సాఫ్ట్‌వేర్‌కు ఒకే పూటలో నలభై మంది అయిదేసి స్టార్లు ఇచ్చారు. ఈమె ఫోన్ చేస్తే, మొక్కలు మోసే సూరమ్మ గారు పలికారు. "నాకు ఫోనెత్తడమే వచ్చండి. ఏదో నొక్కాలని అప్పాజీ గారు అందరి ఫోన్లూ తీసుకున్నారండి." ఆ నలభై అభిప్రాయాలూ పోయాయి. మర్నాడు ఆ సాఫ్ట్‌వేర్ యజమాని అప్పాజీ గారు మన బల్లబల్లకూ ఒక గులాబీ మొక్క పంపించారు. అప్పటికే పెరట్లో పాతేసుకున్న ఈ వ్యాసకర్త చేత కూడా తవ్వించి, అన్నిటినీ తిప్పి పంపేదాకా ప్రిస్కిల్లా గారు ఊరుకోలేదు.

2018లో విభాగాధిపతి పదవిని అలంకరించిన పిమ్మట వారే ఒక నిబంధన రాశారు. మన సిబ్బంది స్టార్లలో చెయ్యి పెట్టిన సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, తొంభై రోజులు జాబితాలో కనిపించకూడదు.

ఇక సిగ్గుపడుతూ రాయవలసిన భాగం. వారి అన్నగారి కుమారుడు జాషువా తయారుచేసిన పాఠశాల ఫీజుల సాఫ్ట్‌వేర్, ఎవరి సాయమూ లేకుండా, నాలుగేళ్ళుగా మన జాబితాలో నాలుగో స్థానంలో ఉంది. మేనల్లుడిదని ఆ ఫైలును ఆమె ఏనాడూ ముట్టుకోలేదు. వీడ్కోలుకు శాలువా కన్న మనసుకు నచ్చే కానుక ఇద్దామని, ఈ వ్యాసకర్త నాయకత్వంలో పదిహేడుగురు సహోద్యోగులు, ఈ నెల అయిదున, ఇంట్లోవాళ్ళ పేర్లతో తమ నంబర్లే ఇచ్చి, దానికి అయిదేసి స్టార్లు వేసేశారు. పద్నాలుగేళ్ళు ఆమె పక్కన కూర్చుని మహానుభావులు నేర్చుకున్నది ఇదీ.

ఒకే పూటలో పదిహేడు వచ్చి పడటంతో, సాయంత్రం ఆమె ఆ ఫైలును మొదటిసారి తెరిచి, అలవాటు ప్రకారం ఫోన్ చేశారు. పక్క బల్ల మీదే మోగింది. రెండోది ఆ వెనక బల్ల మీద మోగింది. మూడో నంబరు నొక్కకుండానే ఆమె ఫోన్ పక్కన పెట్టేశారు.

"మీకు సంతోషంగా ఉంటుందనుకున్నామండి" అని ఈ వ్యాసకర్త నసిగాడు.

"ఇన్నేళ్ళూ నేనేం పని చేశానో మీలో ఒక్కరికైనా తెలుసా అండి?" అన్నారామె.

ఆ రోజే, ఆమె రాసిన నిబంధన ప్రకారం, జాషువా సాఫ్ట్‌వేర్ తొంభై రోజులకు జాబితాలోంచి పోయింది. పాఠశాలలు ఇలాంటివి కొనేది మే నుంచి జూలై వరకే. మర్నాడు అతడు ఆఫీసుకు వచ్చాడు.

"నేనేం చేశానత్తా?"

"నువ్వేం చెయ్యలేదురా. చేసింది వీళ్ళు. నిన్నొక్కణ్ణీ వదిలేస్తే రేపు ఇంకొకరి దగ్గర నేనేం మొహం పెట్టుకుని మాట్లాడను?"

అతడు వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అత్త ఇంట్లో భోంచేసే మనిషి, ఆనాటి నుంచి ఆ గడప తొక్కలేదు. పదిహేడుగురూ జాషువా ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నారు. కుర్చీలు వేశాడు, తను మాత్రం కూర్చోలేదు. నిబంధన సడలించమని యాజమాన్యమే అడిగినా ఆమె ఒప్పుకోలేదు. ఆమె మీద కోపం తెచ్చుకునే హక్కు మనకు లేదు, అయినా వస్తోంది.

నేడు, 2025 మే 31న, పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి ప్రిస్కిల్లా గారికి ఆ దేవుడు సంపూర్ణ ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు ప్రసాదించాలని, వాటిలో, ఆ తొంభైకి ఇంకా మిగిలిన మొదటి అరవై నాలుగు రోజులు మాత్రం త్వరగా గడిచి, ఆ ఆదివారం వారింట్లో రెండు కంచాలు పెట్టాలని, తప్పు చేసిన పదిహేడుగురి తరఫున ప్రార్థన.