కుడి పక్క రెండు పూసలు

అలా ఉరిమి చూడకు బావా, అద్దం పగిలేలా ఉంది. పగిలితే ఆసుపత్రివాళ్ళు నన్నే అంటారు, నిన్ను కాదు.

అక్క బయట డాక్టరమ్మతో మాట్లాడుతోంది. ఈ మీట నొక్కితే నా గొంతు నీకు లోపల వినిపిస్తుందట. నువ్వు మాత్రం ఆక్సిజన్ మాస్కు తీయకూడదు. ఈ విడత అయ్యేదాకా నోరు నాది, చెవులు నీవి. అక్కని చేసుకున్న రోజు నుంచీ నా మాటని సగంలోనే తుంచేసే మనిషివి. నిన్ను ఇనుప డబ్బాలో పెట్టి బిగిస్తే గానీ నా వంతు రాలేదు!

ఏంటా బొటనవేలు? పైకెత్తకు మహానుభావా! నీళ్ళలో దానికి 'పైకి వెళ్దాం' అని కదూ అర్థం? నిన్న వెళ్ళింది చాల్లేదా?

సరే సరే, నవ్వకు. మాస్కు జారుతుంది.

ఏదీ, ఆ ఎడమ కాలి వేళ్ళు కదిలించు. ఊఁ... ఇంకోసారి. రాత్రి ఈ మాత్రం కూడా లేదు తెలుసా? గబుక్కున పైకి లేచినందుకు ఒంట్లో పుట్టిన బుడగలు ఈ డబ్బాలోని గాలి ఒత్తిడికి అణిగితే కాలు మామూలుగా వచ్చేస్తుందని డాక్టరమ్మ అంటోంది. వస్తుంది. రాకపోతే నేనూరుకుంటానా?

ఇక అసలు సంగతి. అంబులెన్సులో నువ్వు అక్కతో ఏమన్నావు? "తప్పు నాదే, నేనే తొందరపడ్డాను, జాకెట్ బ్రహ్మాండంగా పనిచేసింది" అన్నావట. ఎంత పెద్ద మనసో అని అక్క కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. నాకైతే ఒళ్ళు మండింది.

పెద్ద మనసా? గడుసుతనం! నింద నీ చేతి మీద వేసుకుని, నువ్వు గీసిన డైవింగ్ జాకెట్‌ని మెల్లగా ఒడ్డున పడేస్తున్నావు. ఇంకెవరైనా నమ్ముతారేమో. నా దగ్గరా బావా?

వేలు ఊపకు. నిన్న నీళ్ళలో నీ కింద ఉన్నది నేను. నువ్వు చూడనిది నేను చూశాను.

ఇద్దరం పైకి బయల్దేరాం. పైకి వచ్చేకొద్దీ జాకెట్లో గాలి ఉబ్బుతుంది, కొంచెం కొంచెంగా వదులుకుంటూ రావాలి, లేకపోతే తన్నుకుని లేచిపోతాం. ఇది నాకు నేర్పింది నువ్వే. గాలి వదలడానికి కుడి తుంటి వెనక ఒక తాడు, తాడు చివర రబ్బరు పూస. మందపాటి గ్లౌజుతో వెనక్కి తడిమావు. పూస తగిలింది. లాగావు.

గాలి పోలేదు. సీసం పోయింది!

మునగడానికి పెట్టుకున్న ఆ సీసం బరువుల సంచి నా ముఖం ముందునుంచి జర్రున కిందికి జారిపోయింది. పోదా మరి? జానెడు దూరం కూడా లేకుండా, ఆ సంచిని ఊడదీసే తాడుకీ అదే పూస పెట్టించావు కదా! బరువు తగ్గేసరికి నువ్వు లేచావు. లేస్తున్నాను కాబట్టి ఇంకా గాలి వదలాలనుకున్నావు. ఎడమ పక్క తడిమితే అక్కడా అలాంటి పూసే. అదీ లాగావు. ఆ రెండో సంచి నా భుజం మీద పడింది. ఇదిగో చూడు, ఎలా కమిలిందో. ఇక నువ్వా? గిలకొట్టిన సోడా సీసా మూత తీసినట్టు పోయావు. నాకు నీ కాళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఆ కాళ్ళు కూడా అందలేదు.

చెప్పానా, లేదా? మొదటి జాకెట్ కుట్టిన రోజే చెప్పాను. కుట్టేదాన్ని నేను, తొడుక్కుని దూకేదాన్నీ నేను. "బావా, కంటికి ముచ్చటగానే ఉంది, చేతికి మాత్రం రెండూ ఒకటే" అన్నాను. నువ్వేమన్నావు? "ఓ కందిరీగా, అన్నీ ఒక సెట్టులా ఉండాలే! అందం నీకేం తెలుసు?"

నీళ్ళ అడుగున నీ సెట్టు ఎవరు చూస్తారయ్యా? చేపలా?

బరువులు తేలిగ్గా ఊడాలన్న మాట నేనెప్పుడైనా కాదన్నానా? ఇదివరకు సీసాన్ని నడుముకి బెల్టులా కట్టుకునేవాళ్ళు, ప్రాణం మీదికొస్తే విప్పి పారేసేవాళ్ళు. నువ్వు దాన్ని జాకెట్ జేబుల్లోకి తెచ్చావు. నడుములు బతికాయి, శభాష్. ఆపదలో ఒక్క లాగుకి ఊడాలన్నావు. అదీ శభాషే. కానీ వదలాలనుకున్నవాడికి ఊడాలి బావా! జేబులో చెయ్యి పెడితే రుమాలూ రావచ్చు, తాళాలూ రావచ్చు. ఏది కావాలనుకున్నామో అది రావాలి కదా!

బరువులు ఊడదీసే పిడి పలకలా వెడల్పుగా, ముందువైపు, కళ్ళు మూసుకుని తడిమినా 'ఇది వేరే' అని తెలిసేలా ఉండాలి. ఇదిగో, మళ్ళీ కళ్ళు పైకి తిప్పుతున్నావు. అందంగా ఉండదు, తెలుసులే!

అక్క మాత్రం నీ వైపే. "ఆయనే గీశారు, ఆయనకే తెలీకపోవడమేంటే? కళ్ళు తిరిగి ఉంటాయి" అంది. అబద్ధమెందుకు, నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. ఈ మధ్యాహ్నం డైవింగ్ స్కూలు మాస్టారు మనం కుట్టి ఉంచిన జాకెట్లు పట్టుకుపోవడానికి వస్తానన్నాడు. వాటిని తొడుక్కునేది ఎవరు? జన్మలో మొదటిసారి నీళ్ళలోకి దిగేవాళ్ళు. తప్పు నిజంగా నీ చేతిదే అయితే జాకెట్లు పంపేసి నోరు మూసుకుందామనుకున్నాను. నేను! నోరు మూసుకోవడం!

పొద్దున్నే అక్కని లాక్కుని మన కుట్టు షెడ్డుకి వెళ్ళాను. జాకెట్ తొడుక్కుని, నీ గ్లౌజులే వేసుకుని, జాకెట్లు పరీక్షించే నీళ్ళ తొట్టిలో దిగాను. "నేను కళ్ళు మూసుకుని ఉంటాను, నీకు తోచినప్పుడు స్పానరుతో తొట్టి మీద కొట్టు, వెంటనే గాలి వదులుతాను" అన్నాను. అక్క కొట్టనే కొట్టదు! నేను విసుగొచ్చి ఇంకేదో ఆలోచిస్తుంటే ఠంగుమంది. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి పెట్టాను. లాగాను.

కాళ్ళ దగ్గర దబ్బుమని చప్పుడు.

సీసం బావా. నాక్కూడా సీసమే ఊడింది. ఆ పూసల సంగతి నీకు మొదట చెప్పినదాన్ని, వాటి కోసమే తొట్టిలో దిగినదాన్ని. అయినా నా చెయ్యి తప్పుదాన్నే పట్టుకుంది. కాబట్టి నువ్వేం పనికిమాలిన డైవరువి కాదు. ఆ మాట చెబుదామనే పరిగెత్తుకొచ్చాను. నువ్వు గీసిందే పనికిరాదు. ఆ మాటా చెబుదామనే వచ్చాను.

తొట్టిలోంచి తల ఎత్తేసరికి అక్క గట్టు మీద లేదు. కోపం వచ్చి ఇంటికి పోయిందనుకున్నాను. లోపల బల్ల దగ్గర నిలబడి ఉంది, నా పెద్ద కత్తెర పట్టుకుని. మొదటి జాకెట్ పూసలు ఆవిడే తెగ్గోసింది. నేను రెండోది అందుకున్నాను. అలా ఇద్దరం వరసగా కోసుకుంటూ పోయాం. ఒక్కటి కూడా మిగల్చలేదు బావా.

మాస్టారు వచ్చాడు, చూశాడు, అరిచాడు, పోయాడు. ఇక మన గడప తొక్కడట. తొక్కకపోతే పోనీ.

అదిగో, మాస్కు తీయమని సైగ చేస్తున్నారు. నీ వంతొచ్చింది. తిట్టు, ఎంతసేపైనా ఇక్కడే నిలబడి వింటాను. ఆ పూసలు మాత్రం కుట్టను.