ఒక్క గంట కొడితే ఆగాలె

గోదావరిఖనిలో ఒక ఉదయం. కార్మికుల కాలనీ నుంచి దవాఖానకు పోయే దారిలో రిటైరైన గని కార్మికుడు ఆగయ్య, ఆయన భార్య పూలమ్మ.

“గందుకే చెప్తున్న పూలమ్మా, ఈ ఖని మొత్తంల నా అంత జల్ది నడిచే ముసలోడు లేడు. నిన్న దవాఖానల డాక్టరే అన్నడు.”

“సకల జనుల సమ్మెప్పుడు గూడ గిట్లనే అన్నవ్. ఊరేగింపు మొత్తం నా ఎనుకనే నడిచిందన్నవ్.”

“నడువలేదా మరి?”

“నడిచింది. నువ్వు ముంగట ట్రాక్టర్ల కూసున్నవ్.”

“కూసుంటే ఏంది, ముంగట ఉన్ననా లేదా?”

“నేనింటికి పోత. నాకేం రోగం లేదు.”

“రోగమున్నదని ఎవరన్నరు? అంగడికి పోతే ఎనుకవడ్తున్నవ్, ఒక్కసారి చూపిచ్చుకో అంటున్న. ముసలోళ్ల క్యాంపు ఇయ్యాల్టితోటి ఆఖరు. సూది లేదు, గోలి లేదు. ఉత్తగ నడువాలె, అంతే.”

“నడిస్తే ఏం తెలుస్తది?”

“మనిషి ఎంత జల్ది నడుస్తడో చూస్తే గుండె ఎట్లున్నది, దమ్మెట్లున్నది, కాళ్లల్ల సత్తువెంత, అన్నీ తెలుస్తయట. ఉన్నట్టుండి నడక మెల్లగైందంటే లోపల ఏదో కిరికిరి ఉండొచ్చట. మైకుల మంచిగ సమజ్ చేసిన్రు.”

“పక్కింటి సారవ్వ గూడ ఉత్తగ నడిచొస్తనని పోయింది. కరీంనగర్ పెద్ద దవాఖానకు పంపిన్రు. ఇప్పుడామెకు తొక్కు బంద్, పాపడ్ బంద్. తొక్కు లేకుంటే నాకు ముద్ద దిగది.”

“పొద్దుగాల నల్లా కాడ సారవ్వ ఇద్దర్ని తిట్టింది, ఇనలేదా? ఒక్క ఊపిరిల తిట్టింది. అంత దమ్ము ఇదివరకున్నదా ఆమెకు?”

“ఏంది, ఆగినవ్?”

“చెప్పుల రాయి వడ్డది.”

“ఇందాక గూడ గదే చెప్పు, గదే రాయి.”

“ఇది దాని తమ్ముడు. నువ్వు నడువు, వస్తున్న.”

“నాతోటి ఎందుకు, నీ దోస్తు ఎల్లేశాన్ని తోల్కపోరాదు?”

“వాడు పోయొచ్చిండు. ముసలోళ్ల క్యాంపుకు నెత్తికి నల్లరంగు ఏస్కోని పోయిండు. నువ్వు ముసలోనివి కాదు, ఇంటికి పో అన్నరు. కూసోని ఏడుస్తున్నడు.”

“నిజమా?”

“రంగు నిజం. ఏడుసుడు నేను చూడలె. సరే, నా ముచ్చట ఇను. వరండల ముగ్గుతోటి రెండు గీతలు గీసిన్రు. ఈ గీత కాడికెల్లి ఆ గీత దాక నడువాలె. నర్సమ్మ చేతుల గడియారం, బల్ల మీద ఇత్తడి గంట. నన్ను నిలవెట్టి గంట టంగుమని కొట్టింది.”

“నువ్వు ఉరికినవ్.”

“నేను నిలవడ్డ.”

“నిలవడ్డవా?”

“గనిల బొగ్గు టబ్బులు గుంజే ఇంజను కాడ జిందగీ గడిపినోన్ని. ఒక్క గంట కొడితే తాడు ఆగాలె, రెండు కొడితే కదలాలె. ఒక్క గంటకు కదిలిస్తే లోపటున్నోళ్ల కాళ్లు పోతయి. కట్టెలెక్క నిలవడ్డ. నర్సమ్మ నడువు తాతా అంటది, నేను గంట దిక్కు చూస్త. నా ఎనుకున్న లైను మొత్తం పోయి చాయ్ తాగొచ్చిన్రు.”

“ఇప్పుడే గద, నా అంత జల్ది నడిచేటోడు లేడన్నవ్.”

“నా అంత మెల్లగ నడిచినోడు గూడ లేడు. రెండూ నేనే. ఆమెకు ఇసుగొచ్చి ఇంకోసారి కొట్టింది. రెండైనయి గద.”

“కదిలినవ్.”

“కదిలిన. రెండో గీత దాటిన, వరండ దాటిన, మందులిచ్చే కిడికి దాటిన. నన్ను ఆపాలంటే మళ్ల ఒక్క గంట కొట్టాలె, ఆమెకది తెల్వదాయె. తాతా తాతా అని ఒర్రుకుంట ఉరికొస్తున్నది. ఆఖరి వార్డు గోడకు తాకినంక ఆగిన.”

“గోడ గంట కొట్టిందా?”

“నా నెత్తి మీద కొట్టింది. ఒక్కటే.”

“డాక్టరేమన్నడు?”

“పరేషానయిండు. మొదటిసారి చూసి మంచంల వడ్డ మనిషన్నడు. రెండోసారి చూసి పెండ్లి కావాల్సిన పోరడన్నడు. రెండూ కలిపి సగం చేస్తే సరిగ్గ నా వయసే వచ్చిందట. ఫికర్ లేదు పో తాతా, మీ ఇంటామెను తోల్కరా అన్నడు.”

“మళ్ల ఆగినవ్.”

“లారీ పోనీయ్.”

“పోయి ఎంతసేపాయె.”

“దాని దుమ్ము గూడ పోనీయ్.”

“ఇటు చూడు. నేను ముంగటున్న, నువ్వు ఎనుకున్నవ్.”

“నీ నడక ఎనుకకెల్లి పరీక్ష చేస్తున్న.”

“అంగట్ల నేను ఎనుక ఎందుకు నడుస్తున్ననో తెల్సా?”

“చెప్పిన గద, దమ్ము లేక.”

“నువ్వు పడితే పట్టుకుందామని.”

“జెర ఆగు పూలమ్మా.”

“గిప్పుడెందుకు ఆగుడు?”

“తొవ్వ ఎత్తున్నది.”

“తొవ్వ సాపుగనే ఉన్నది. గేటొచ్చింది. నేను మంచిగనే ఉన్న, నువ్వు వగరుస్తున్నవ్. నిన్న ఈ వగర్పు చూసి గూడ ఫికర్ లేదన్నడా ఆ డాక్టరు? పా లోపటికి, ఎవరో చూపియ్యి, నేనడుగుత.”

“ఆయన ఇయ్యాల రాడేమో.”

“నర్సమ్మ?”

“ఆమె గూడ రాదేమో.”

“గంటన్న ఉంటదా?”

“గుస్స చెయ్యనంటే ఒక్క మాట చెప్త.”

“చెప్పు.”

“నిన్న నేను ఈ గేటు దాక వచ్చిన మాట నిజం. మైకుల ఇన్నది నిజం. ఒక్కన్ని పోబుద్ధి కాక మళ్లిన. లోపటికి పోయిన ముచ్చట ఒక్కటే, జెర కల్పించిన.”