పేరు రాయాల్సిన చోటు

అమెరికాలోని అరోరాలో ఒక వంటగది, 1984 మార్చి. తెలుగు అచ్చు దొరకని ఊరు కనుక, తెలుగు సంఘం ఉగాది సంచికకు వచ్చిన రచనల్ని ఎక్కువగా ఈ ఇంటావిడే తన గుండ్రటి అక్షరాలతో ఎత్తిరాస్తే జిరాక్స్ తీయిస్తారు. భర్త పోయాక ఏడాదిగా పెన్ను ముట్టని ఆవిడ, ఈ వారమే మళ్ళీ మొదలుపెట్టింది. కాగితాల కోసం స్నేహితురాలు వచ్చింది.

"అన్నీ రాసేశారా వదినా? మళ్ళీ పెన్ను పట్టారు, అదే సంతోషం."

"నీ కథ కూడా రాశాను."

"నాదా? అది ఎత్తిరాయడానికి హైమకి ఇమ్మన్నానే!"

"హైమకి ఫ్లూ. దాన్నీ నాకే పంపారు."

"వదినా, అదీ..."

"పొద్దున్నే మంచులో మొగుడి కారు స్టార్ట్ చేసి, ఎక్కడికీ వెళ్ళకుండా లోపలే కూర్చునే మనిషి. బ్యాటరీ డౌన్ అవుతుందని వంక. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను."

"పేరు మార్చాను కదా. ఎవరూ పోల్చుకోలేరు."

"నేను పోల్చుకున్నాను. మళ్ళీ కథంటూ రాస్తే దాంతోనే మొదలుపెడదామని దాచుకున్నాను."

"మీరిక రాయరేమో అనుకున్నాను."

"రాయకపోతే నీదైపోతుందా?"

"పోనీ, తీసేయమంటారా?"

"ఎందుకు? బాగానే రాశావు. చివర్లో ఆవిడ కారు అమ్మేసి తేలికపడింది కూడా. నేనింకా అమ్మలేదు."

"వదినా..."

"అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాను. రచయిత్రి పేరు దగ్గర మాత్రం చెయ్యి ఆడలేదు. ఇదిగో పెన్ను. అక్కడ నీ పేరు నువ్వే రాసుకో."