తొట్టి కడిగిన రోజు

అద్దకం కార్ఖానాలో ఊడ్చే అక్క, రంగునీళ్ళ తొట్టి పక్కన చీపురుతో నిలబడింది. ఆ తొట్టిలో పాచి పెంచే తమ్ముడు అప్పుడే సెలవు నుంచి వచ్చాడు.

“గోడలకున్న పాచి ఏదక్కా?”

“గీకి పారేశాను. జిగురు జిగురుగా, ఒకటే కంపు! నువ్వు మెచ్చుకుంటావనుకున్నా.”

“నీళ్ళలో రంగుని పట్టుకుని అడుక్కి దింపేది ఆ పాచి జిగురే కదక్కా!”

“ముందే చెప్పి చావొచ్చు కదరా! మళ్ళీ పెంచు.”

“ఇరవై రోజులు పడుతుంది.”

“అందాకా కార్ఖానా ఆపమను.”

“మొన్న కార్ఖానాలో మంటలు లేస్తేనే ఆపలేదు యజమాని.”

“మరి ఈ నీళ్ళు?”

“రంగుతోనే కాలువలోకి.”

“మన వీధంతా తాగేది ఆ కాలువ నీళ్ళేరా!”

తొట్టి గోడలు తళతళలాడుతున్నాయి. ఆమె చీపురు కింద పడేసి, తొట్టి నుంచి కాలువకు పోయే గొట్టంలోంచి ఎర్రగా దూకుతున్న నీళ్ళకు రెండు చేతులూ అడ్డం పెట్టింది.