కంచె లోపలి వగరు

దక్షిణాఫ్రికాలోని లింపోపోలో, వేటగాళ్ల కోసం ఓ దొర జంతువుల్ని పెంచే పొలం కంచె లోపల, వానల్లేని ఆగస్టులో పన్నెండో కుడూ జింక చచ్చి పడింది. కాపలాదారు రిసిమాటి దాని పొట్ట కోశాడు. చెట్ల చదువు చదివిన కూతురు బసాని పక్కనే కూర్చుంది.

“పొట్ట నిండా ఆకే ఉంది కదా నాన్నా! ఆకలితో చచ్చిందంటావేం?”

“నేనన్లేదు. దొర అన్నాడు.”

“నువ్వేమన్నావ్?”

“ఏమంటాను? అవునయ్యా అన్నాను. లే, లే. చదువుకున్న పిల్లవి, చేతులు పాడవుతాయి.”

“నువ్వే చెయ్యి పెట్టి చూడు. ఒక్కాకూ అరగలేదు. తోలులా బిగుసుకుపోయింది. వగరు చంపింది దీన్ని.”

“తుమ్మాకు ఎప్పుడు వగరు కాదమ్మా? నాలుగాకులు తుంచుకుని, చెట్టు వగరెక్కేలోపు ఇంకో చెట్టుకి పోతాయివి.”

“పోవడానికి చోటుంటే.”

“వాన పడనీ. తగ్గుతుంది.”

“తగ్గదు. అది చెబుదామనే వచ్చా. లోపలి చెట్ల గింజలూ, కంచె బయటి చెట్ల గింజలూ తీసుకెళ్లానా? ఒకే మట్టిలో వేశా, ఒకే నీళ్లు పోశా. లోపలివి మొలకలప్పుడే వగరు.”

“ఒకే మట్టిలోనా?”

“ఒకే మట్టిలో. పుట్టుకతో వచ్చింది నాన్నా. కమ్మటి చెట్లని ముప్పై ఏళ్లుగా ఇవి మొదలంటా తినేశాయి, గింజ పట్టనివ్వలేదు. వగరువి మిగిలాయి. ఇప్పుడు నీ చుట్టూ ఉన్నవి చాలామటుకు వాటి పిల్లలే.”

“అంటే మనమే పెంచామన్నమాట.”

“మనమేంటి, దొర పెంచాడు.”

“కంచె గుంజలు పాతింది నేను.”

“నాన్నా...”

“నేనే పాతాను. నువ్వింకా పుట్టలేదు.”

“సరే, ఇప్పుడు గేటు తీయించు.”

“దొర తీస్తాడా? తీస్తే ఇవి పక్కవాడి పాలు. వేటగాళ్లు వచ్చేదే వీటి కొమ్ముల కోసం.”

“అయితే నువ్వే తియ్యి.”

“తెలిస్తే ఇల్లు ఖాళీ చెయ్యమంటాడు.”

“చెయ్యి! నాలుగేళ్ల నుంచీ చెబుతున్నా, నా దగ్గర గది ఉంది, వచ్చెయ్యమని.”

“మీ అమ్మ ఇక్కడుంది.”

“అమ్మ పోయి పదకొండేళ్లు.”

“అందుకే. ఒకసారి బయటికెళ్లానంటే, దాని సమాధి చూడ్డానికి కూడా దొర రమ్మనాలి.”

“దానికని ఇవన్నీ చావాలా? ఇటివ్వు తాళంచెవి. నేనే తీస్తా. అడిగితే నా పేరు చెప్పు.”

“బసానీ...”

“ఇవ్వు నాన్నా! ఇంకోటి పడిపోయేదాకా చూస్తావా?”

“తాళంచెవితో పనిలేదు.”

“ఏం, ఎందుకని?”

“గేటు తీసి మూడ్రోజులైంది. రోజూ పొద్దున్నే అక్కడి ఇసుకలో అడుగులు చూస్తున్నా. అన్నీ గేటు దాకా వస్తున్నాయమ్మా. వచ్చి, కాసేపు నిలబడి, వెనక్కి తిరిగిపోతున్నాయి.”