చివరి ఫారం తిరగబడిన వైనం

నేను అబద్ధాలాడనని అందరికీ తెలుసు. నిజాన్ని కాస్త పొంగనిస్తాను, అంతే. మా బైండింగ్ షాపు అరుగు మీద ఆ మధ్యాహ్నం చెప్పిందీ పొంగిన నిజమే. ఇష్టమైతే నమ్మండి, లేకపోతే నమ్మినట్టు తలూపండి, నాకు రెండూ ఒకటే.

సంగతేమిటంటే, నా మేనల్లుడు ఒక పుస్తకం వేశాడు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల సంకలనం. రాసినవాళ్ళంతా కొత్తవాళ్ళే, అచ్చులో పేరు చూసుకోవడం అందరికీ అదే మొదటిసారి. ఎడిటర్ వాడు, బైండర్ని నేను. సాయంత్రం పై అంతస్తు హాల్లో ఆవిష్కరణ పెట్టుకుని మధ్యాహ్నం వాడొచ్చి ఒక కాపీ తిరగేశాడు. ముఖం మాడిపోయింది. ఇంకోటి తీశాడు. ఇంకోటి. అన్నిట్లోనూ చివరి ఫారం, అంటే చివరి పదహారు పేజీల మడత, తలకిందులుగా కుట్టి ఉంది. ఆ మడత నిండా ఉన్నది ఒకే ఒక్క కథ. పక్క ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే అమ్మాయిది.

ఆ పిల్ల అక్కడే ఉంది. తన కథ చూసుకోవాలని సెలవు పెట్టి, ఇస్త్రీ బట్టలు వేసుకుని మరీ వచ్చింది. పుస్తకం రెండు చేతుల్తో పట్టుకుని నిలబడిపోయింది. ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు.

"దీన్ని ఎవరి చేతిలో పెట్టమంటావు అత్తా? నవ్విపోతారు," అని మేనల్లుడు కాగితాలు కోసే కత్తి అందుకున్నాడు. "చివరి ఫారం కోసేద్దాం. ఈ అమ్మాయి కథ మళ్ళీ వేసే సంకలనంలో చూద్దాం."

"పర్లేదు సార్, కోసేయండి," అంది పిల్ల.

మళ్ళీ వేసే సంకలనం సంగతి నాకు తెలియదా? ఇది వేయడానికే వాడి జుట్టు సగం ఊడింది. కానీ కత్తి పట్టుకున్నవాణ్ణి ఆపడానికి నా దగ్గరున్నది నోరొక్కటే.

"ఒరేయ్, కోసే ముందు అసలేం జరిగిందో వినవా?" అని అరుగు మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను. అట్ట మీద బొమ్మ వేసిన బొమ్మలాయన వెంటనే గోడకి చేరగిలబడ్డాడు. ఆయన నా కబుర్లంటే చెవికోసుకుంటాడు.

"నేను కళ్ళు మూసుకుని కూడా పుస్తకం కుట్టగలను, అది మీకు తెలిసిందే. వేలితో ఇలా తడిమితే చాలు, ఏ ఫారానికి తల ఎటో తెలిసిపోతుంది. మామూలు కథలైతే పెట్టినచోట పడుంటాయి పాపం. వీడు తెచ్చినవి మామూలు కథలా? నిప్పులు కక్కే రెక్కల జంతువు కథ ఉందే, ఆ ఫారం ముట్టుకుంటే వేలు చురుక్కుమంది. ఎందుకు పోనివ్వాలని జిగురు గిన్నె తీసుకెళ్ళి దాని మీద పెట్టాను. కుతకుతా ఉడికింది! మీ పుస్తకాలన్నీ ఆ జిగురుతో అంటించినవే, పొయ్యి వెలిగిస్తే ఒట్టు."

"నా బొమ్మలో ఆకాశం మాడింది అందుకేనన్నమాట," అన్నాడు బొమ్మలాయన.

"మీ ఆకాశం మీ చేతిలోనే మాడింది, నా మీదకి తోయకండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రాకెట్ కథ దొంతరలో నిలవదే! మెల్లిగా లేచి ఫ్యాను చుట్టూ చక్కర్లు కొడుతోంది. చీపురుతో దింపి ఇటుక పెట్టాను. ఇటుకతో సహా లేచింది. 'చూడమ్మా, నీ తర్వాతి కథలో పెళ్ళి భోజనాలున్నాయి' అని బుజ్జగిస్తే అప్పుడు దిగింది. ఇక మాయమైపోయే మనిషి కథ సంగతి చెప్పక్కర్లేదు. ఫారమే కనపడదు! దారం గాల్లో దూరుతోంది, గాల్లోంచి వస్తోంది. ఎవరైనా చూస్తే నాకు మతిపోయిందనుకుంటారని తలుపు గడియ పెట్టుకుని కుట్టాను."

"అత్తా, ఐదింటికి జనం వచ్చేస్తారు."

"వస్తే కూర్చుంటారు, కుర్చీలున్నాయిగా. ఆ కత్తి అలా ఊపకు, కళ్ళకి తగులుతుంది. ఆఁ, ఇక ఈ పిల్ల కథ. ఒక ఊళ్ళో ఉన్నట్టుండి అన్నీ పైకి పడడం మొదలెడతాయి. వాన పైకి పడుతుంది, చేతిలో చెంచా పైకి పడుతుంది, జనం ఇంటికప్పులకి లోపలివైపు నడుస్తుంటారు. కిందంటే ఎటో ఒక్క లిఫ్టుకే గుర్తుంటుంది. అలాంటి కథని తిన్నగా పడుకోమంటే పడుకుంటుందా?"

పిల్ల తలెత్తింది. "మీరు చదివారా బామ్మా?"

"చదవకుండా కుడతానా? ప్రూఫులప్పుడే రెండుసార్లు చదివాను. ఆ లిఫ్టులో ముసలాయన తన ఇల్లు ఎటుపక్కో మర్చిపోతాడే, అక్కడ ఏడ్చాను కూడా. కన్నీళ్ళు చెంపల మీదికి రాలేదే! నుదుటి మీదుగా పైకి పోయి జుట్టంతా తడిసింది."

పిల్ల పెదవి కొంచెం కదిలింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

"సరే, ఫారం తిన్నగా పెట్టాను, దారం అందుకుని ఇటు తిరిగేసరికి తలకిందులు. మళ్ళీ తిన్నగా పెట్టాను. మళ్ళీ అంతే. 'నీకింత పొగరా' అని ఇనుప దిమ్మె పెడితే దిమ్మె తేలింది. ఇలా కాదని నేనే ఎక్కి కూర్చున్నాను. నా బరువు మీకు తెలుసుగా?"

"తెలుసు, కుర్చీలకి కూడా తెలుసు," అన్నాడు మేనల్లుడు. కోపం కాస్త దిగిందన్నమాట. కత్తి మాత్రం చేతిలోనే ఉంది.

"ఫారం లేచిందిరా! నాతో సహా! కిటికీలోంచి బయటపడ్డాం. కూడలిలో పోలీసు విజిల్ ఊది, 'పెద్దమ్మా, ఎడమ పక్కగా పొండి' అన్నాడు. కాస్త పైకి పోయేసరికి వాన. అదీ కిందనుంచి! గొడుగు కాళ్ళకి పట్టుకున్నాను."

"మరి మేఘాల కింద నీళ్ళు నిలిచిపోయి చెరువవుతుంది కదా బామ్మా? దాన్నెలా దాటారు?" అంది పిల్ల. అదీ దాని కథలోదే.

"ఈదానమ్మా! వెల్లకిలా ఈదాను. అది దాటాక ఎవరు ఎదురయ్యారో తెలుసా? చంద్రుడు! గుండ్రంగా, పసుపచ్చగా, ఇదిగో ఇంత దగ్గర. చుట్టూ చుక్కలు గిర్రున తిరుగుతున్నాయి. చెయ్యి చాపితే వెచ్చగా తగిలాడు."

"చంద్రుడు చల్లగా కదా ఉండాలి?" అన్నాడు బొమ్మలాయన.

"కొత్త కథలన్నీ ఏకబిగిన చదివి జ్వరం తెచ్చుకున్నాడండీ. నన్ను చూసి, 'పెద్దావిడా, ఆ కథతో ఎందుకు పోట్లాడతావు? మీ వైపునుంచి చూస్తే అది తలకిందులు. ఇక్కణ్ణుంచి నాకు తిన్నగానే ఉంది' అన్నాడు. అంతటివాడు చెప్పాక ఇంకేం చేస్తాను? దిగొచ్చి అది ఎలా ఉంటానంటే అలాగే కుట్టాను. ఇప్పుడు చెప్పు, చంద్రుడు చూసి బాగుందన్న కథని కోస్తావా?"

సరిగ్గా అప్పుడే ఎదురుగా టీ కొట్టతను కెటిల్ పట్టుకుని మెట్లెక్కాడు. జేబులోంచి కళ్ళద్దాలు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"మీవే పెద్దమ్మా. మొన్న సాయంత్రం ఫారాలు వరస పెడుతూ పెడుతూ టీకి వచ్చి చక్కెర డబ్బా మీద వదిలేసి పోయారు. వెనకనుంచి అరిచాను, చెయ్యి ఊపేసి వెళ్ళిపోయారు."

ముందు కిసుక్కున నవ్వింది పిల్లే. ఆ తర్వాత బొమ్మలాయన, ఆ తర్వాత ఇంక ఆపేవాళ్ళెవరు?

నేను తగ్గుతానా? కళ్ళద్దాలు ఠీవిగా పెట్టుకున్నాను. "అద్దాలుంటే ఏం, లేకపోతే ఏం? ఏదీ తలకిందులు, చూస్తాను!" అని దొంతరలోంచి ఒక కాపీ లాగి తెరిచాను. "ఇదిగో! మొదటి పేజీలోనే ఉందిగా పిల్ల కథ, తిన్నగా, శుభ్రంగా! పేరు కూడా ఉంది. ఎవడ్రా తలకిందులన్నది?"

"అత్తా, నువ్వు పుస్తకం తిరగేసి పట్టుకున్నావు. అది వెనకట్ట," అని నవ్వబోయి మేనల్లుడు ఆగిపోయాడు. పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు. ఒక పేజీ తిప్పాడు. తర్వాతిది. దాని తర్వాతిది. కథ మొదటినుంచి చివరిదాకా వరసగా, తిన్నగా నడిచింది. అది అయిపోయిన తర్వాతే మిగతావన్నీ తలకిందులు. ఇటు తిప్పితే అవి తిన్నగా.

"వెనకనుంచి తెరిస్తే ఈ కథే మొదటిది," అన్నాడు మెల్లిగా.

"వెనకట్ట ఎలాగూ ఖాళీయే," అన్నాడు బొమ్మలాయన గోడ వదిలి లేస్తూ. "రబ్బరు ముద్ర ఒకటి చెక్కేస్తాను. లిఫ్టు బటన్, పైకి బాణం. దాని కింద ఈ అమ్మాయి పేరు. ఐదింటిలోగా అన్నిటికీ కొట్టేద్దాం, తలా ఒక చెయ్యి వేస్తే."

మేనల్లుడు కత్తి మడిచి సొరుగులో పడేశాడు. పిల్ల పుస్తకాన్ని ఇటొకసారి, అటొకసారి తిప్పి చూసుకుని అడిగింది, "సార్, సాయంత్రం నేను చదవచ్చా?"

"నువ్వే ముందు చదవాలి. మొదటి కథ నీదేగా."

"చూశారా! చంద్రుడు ముందే చెప్పాడు, ఆ వైపునుంచి తిన్నగానే ఉందని!" అన్నాను నేను టీ అందుకుంటూ.

"ఏ చంద్రుడు పెద్దమ్మా?" అన్నాడు టీ కొట్టతను.

"మొన్న సాయంత్రం నాకు ఎదురైనవాడయ్యా. గుండ్రంగా, పసుపచ్చగా, వెచ్చగా, చుట్టూ చుక్కలు తిరుగుతూ..."

"అది మా కొట్టు గుమ్మంలో బల్బు. చుక్కలు కావు, పురుగులు. వెళ్తూ వెళ్తూ దానికి 'వస్తానండీ' అని నమస్కారం కూడా పెట్టారు."